తూర్పు బెంగళూరు పన్ను తూర్పుకేనా?

మారతహళ్లి నివాసి:
2025 సెప్టెంబరులో బెంగళూరు మహానగర పాలిక (బీబీఎంపీ) స్థానంలో అయిదు కార్పొరేషన్లు వచ్చాయి. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే మహదేవపుర, కె.ఆర్.పురం తూర్పు కార్పొరేషన్‌లో చేరాయి. పాత ఎనిమిది జోన్లలో ఆస్తి పన్ను అందరికంటే ఎక్కువ కట్టింది మహదేవపురే. అయినా మా వైపు ఊళ్లతో సహా 2007లో నగరంలో కలిపిన 110 గ్రామాలకు కావేరీ తాగునీటి పథకం అయిదో దశ నీళ్లు మొదలైంది 2024 అక్టోబరులో. అన్నేళ్లూ ట్యాంకర్లే దిక్కు. ఇకనైనా మా పన్ను మా వీధులకే ఖర్చుపెట్టాలి.

రాజాజీనగర్ నివాసి:
ట్యాంకర్ల విషయంలో మీ కోపం న్యాయమే. కానీ మహదేవపురలో అంత పన్ను ఎలా పుట్టిందో చూడండి. అక్కడి వైట్‌ఫీల్డ్ మెట్రోకు కేంద్రం, రాష్ట్రం డబ్బు పెట్టాయి, అప్పులూ తెచ్చారు. కావేరీ అయిదో దశకు జపాన్ సంస్థ జైకా అప్పిచ్చింది. అందరి డబ్బుతో వేసిన రైలు పక్కన ఆఫీసులు లేస్తే, వాటి పన్ను ఒక్క కార్పొరేషన్ పద్దులోనే పడాలా? మా పశ్చిమ బెంగళూరులో టెక్ పార్కులకు చోటు లేదు. పాత ఇళ్ల పన్నుతోనే పాత డ్రైనేజీ గొట్టాలు మార్చుకోవాలి. ఎవరి పన్ను వారికే అంటే డబ్బున్న చోటికే రోడ్లు, రోడ్లున్న చోటికే ఆఫీసులు వెళ్తాయి.

సర్జాపుర రోడ్డు నివాసి:
మీరిద్దరూ ఆస్తి పన్ను దగ్గరే ఆగిపోయారండి. 45 లక్షలు దాటిన ఫ్లాటుకు 5 శాతం స్టాంపు డ్యూటీ, 2025 ఆగస్టు 31 నుంచి 2 శాతం రిజిస్ట్రేషన్ రుసుము. ఇవి ప్రధానంగా రాష్ట్ర ఖజానాకే చేరతాయి. వాహన పన్నూ అంతే. శివార్లలో ఇళ్లు అమ్ముడైన రోజే రాష్ట్రానికి డబ్బు అందుతుంది. కాలువ, వీధిదీపం, చెత్తబండి మాత్రం ఏళ్ల తరబడి కార్పొరేషన్ నెత్తిన ఉంటాయి. నగరం అంచులు అదుపు లేకుండా పెరగడానికి నాకు కనిపిస్తున్న అసలు కారణం ఇదే. మైసూరు, హుబ్బళ్లి వెనకబడటంలోనూ ఇలాంటి లెక్కే ఉంది. రాష్ట్ర ఉత్పత్తిలో మూడో వంతుకు పైగా బెంగళూరుదే అయినప్పుడు ఏ ప్రభుత్వమైనా ముందు ఇక్కడే పెట్టుబడి పెడుతుంది. ఇక 2020 సెప్టెంబరులో బీబీఎంపీ కౌన్సిల్ గడువు ముగిశాక ఏళ్ల పాటు ఎన్నికలే జరపలేదు. వాటా గట్టిగా అడగడానికి ఒక్క కార్పొరేటరైనా లేకుండా పోయారు.

మారతహళ్లి నివాసి:
స్టాంపు డ్యూటీలో అయిదు కార్పొరేషన్లకూ వాటా అడుగుదామంటే నేనూ సంతకం పెడతాను. రాజాజీనగర్ గొట్టాలు మార్చాల్సింది ఆ డబ్బుతోనే. అది రాకముందే మా ఆస్తి పన్ను పంచాలంటే మాత్రం ఒప్పుకోను.