సముద్రానిది మౌనమా, నిశ్శబ్దమా?

ప్రశ్న: ‘లె సిలాన్స్ ద లా మెర్’ అనే ఫ్రెంచి నవలిక. 1942లో జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్స్‌లో వెర్కోర్ మారుపేరుతో జాన్ బ్రూలెర్ రహస్యంగా అచ్చువేయించాడు. ఫ్రెంచి దర్శకుడు మెల్విల్ దాని మీద తీసిన సినిమా 1949లో విడుదలైంది. ఇంట్లో మకాం వేసిన జర్మన్ ఆఫీసరు రోజూ రాత్రి వచ్చి మాట్లాడతాడు. ఇంటి పెద్దాయన గానీ ఆ ఇంటి అమ్మాయి గానీ నోరు విప్పరు. ఈ సినిమాకు తెలుగు సబ్‌టైటిళ్ళు రాసేటప్పుడు పేరు ‘సముద్ర మౌనం’ అనవచ్చా?

– ‘మౌనం అర్ధాంగీకారం’ అనే మాట మనల్ని వదలదు. పెళ్ళిచూపుల్లో పిల్ల పలక్కపోతే ఒప్పుకున్నట్టే లెక్క! ఇక్కడేమో పలక్కపోవడమే తిరస్కారం. ‘నిశ్శబ్దం’ మేలేమో.

– కాదండీ. గదిలో గడియారం చప్పుడుంది, ఆఫీసరు గొంతుంది. నిశ్శబ్దం ఎక్కడ? పైగా నిశ్శబ్దం దానంతటది ఉంటుంది, మౌనం మనిషి పూనేది. ముని నుంచి వచ్చిన మాట కదా, పట్టుదల అందులోనే ఉంది. అర్ధాంగీకారం అనుమానాన్ని మొదటి పది నిమిషాల్లో సినిమాయే తుడిచేస్తుంది.

– ‘మూగనోము’?

– వాడుకలో కాస్త ఎగతాళి ధ్వనిస్తుంది. ఆ పేరుతో పాత తెలుగు సినిమా కూడా ఉంది. వద్దు.

– పేరు కన్నా కష్టమైనవి లోపలున్నాయి. ఆ అమ్మాయి పెద్దాయనకు ‘నియెస్’. అంటే మేనకోడలా, అన్నకూతురా? ఫ్రెంచి మాట రెంటికీ చెల్లుతుంది. మేనకోడలంటే మనకు పెళ్ళి వరస గుర్తొస్తుంది, ఇక్కడ అది అనవసరపు బరువు. కథ చెప్పేది పెద్దాయనే గనక ఒకసారి ‘అన్నకూతురు’ అని, తర్వాత ‘మా అమ్మాయి’ అంటే సరి.

ఇక చివర్లో ఆయన మొదటిసారి పలికేది: ‘లోపలికి రండి, మొస్యో’. ఆ ‘మొస్యో’ ఎందుకు చేర్చానా, మనిషిని పిలిచానా లేక వచ్చిందెవరో తెలుసని చెప్పానా అని నవలికలో ఆయనే తర్కించుకుంటాడు. అందుకే దాన్ని వదలకూడదు. ‘దొరా’ అంటే లొంగిపోయినట్టు, ‘సార్’ అంటే ఆఫీసుకు వచ్చినట్టు. ‘అయ్యా’ ఒక్కటే నిలుస్తుంది.

– ఆ అమ్మాయి ఆఫీసరుతో అనే ఒకే ఒక్క మాట ‘అద్యో’ (మళ్ళీ కలవమన్నట్టు చెప్పే వీడ్కోలు) సంగతి? ‘వెళ్ళిరండి’ అందామా?

– వద్దే వద్దు. వెళ్ళి, రండి! అతను తూర్పు యుద్ధరంగానికి తానే కోరి పోతున్నాడు, తిరిగి రాడని ఇద్దరికీ తెలుసు. ‘సెలవు’ అనాలి. ఒక జాగ్రత్త: ఆఫీసరు రోజూ చెప్పే ‘బోన్ న్వీ’కి పొరపాటున ‘సెలవు తీసుకుంటాను’ అని రాశారో, చివరి ‘సెలవు’ అప్పటికే అరిగిపోయి ఉంటుంది. అక్కడ ‘శుభరాత్రి’ కృతకంగా వినిపించినా ఫరవాలేదు, అతనిది పుస్తకాల్లో నేర్చిన మర్యాద. ‘సెలవు’ను సినిమా మొత్తంలో ఒక్కసారే వాడండి, పక్కన చుక్కలూ ఆశ్చర్యార్థకమూ పెట్టకండి.