ఓపెన్ ఆఫీసు పెడుతున్నాం, ఫోన్ల గోలకి ఏం చేయాలి?

ప్రశ్న (విజయవాడ): బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఫ్లోర్ అద్దెకు తీసుకున్నాం. కార్పెట్ ఏరియా 2,200 చదరపు అడుగులు, మేం 26 మందిమి. సగానికి పైగా డెవలపర్లు, మిగతావాళ్లు సపోర్టు, అంటే పొద్దస్తమానం ఫోన్లే. మా పార్టనర్‌కి గోడలంటే పడదు. అందరూ ఒకే హాల్లో కూర్చుంటే మాటలు కలుస్తాయంటాడు. ఇంటీరియర్ ఆయన పైన స్లాబు అలాగే వదిలేసి నల్ల రంగు, కింద టైల్స్, గాజు మీటింగ్ రూము గీసిచ్చాడు. బొమ్మ బాగుంది, నాకే టెన్షన్‌గా ఉంది.

జవాబు (హైదరాబాద్, ఆఫీసు ఇంటీరియర్ పనులు చేస్తాను): ఆ బొమ్మలో మెత్తటి వస్తువు ఒక్కటైనా ఉందేమో చూడండి సార్. టైల్సు, గాజు, స్లాబు... ఖాళీ కల్యాణ మండపంలో మాట్లాడినట్టే ఉంటుంది.

టేబుళ్ల సంగతి తర్వాత. ముందు సపోర్టు వాళ్లని లిఫ్టు వైపు పెట్టండి, ప్రింటరూ ప్యాంట్రీ కూడా అటే. డెవలపర్లు ఆ చివర. నడుమ మీటింగ్ రూము, ఫైళ్ల బీరువాలు అడ్డం రావాలి. సపోర్టు వాళ్ల నెత్తిన మినరల్ ఫైబర్ పలకల సీలింగ్ వేయించండి. మామూలు జిప్సం బోర్డు నున్నగా ఉంటుంది గానీ శబ్దాన్ని పీల్చదు. కొనేటప్పుడు ఎన్‌ఆర్‌సీ (పలక శబ్దాన్ని ఎంత పీలుస్తుందో చెప్పే అంకె) ఎంతో అడగండి, 0.7 పైన ఉంటే మంచిది. కార్పెట్ టైల్స్ వేస్తే కుర్చీలు లాగే చప్పుడు పోతుంది, కాఫీ ఒలికినా ఆ ఒక్క టైలు మారిస్తే సరి.

ఫోన్ మాట్లాడటానికి రెండు చిన్న బూత్‌లు కట్టించండి. లోపల ఎగ్జాస్ట్ ఫ్యాన్ మాత్రం మర్చిపోవద్దు. మే నెలలో, అదీ విజయవాడలో, గాలాడని పెట్టెలో ఎవరు కూర్చుంటారు?

డబ్బు మిగిలితే కుర్చీల మీద పెట్టండి. టేబుల్ పైన ఏ లామినేట్ వేసినా మనిషి నడుము అడగదు.

జవాబు (బెంగళూరు): మీ పార్టనర్‌కి బెర్న్‌స్టీన్, టర్బన్ అనే పరిశోధకుల 2018 నాటి అధ్యయనం చూపించండి. రెండు కంపెనీల్లో గోడలు తీసేశాక మనుషులకి సెన్సర్లు తగిలించి చూశారు. ఎదురెదురుగా మాట్లాడుకోవడం దాదాపు 70 శాతం తగ్గింది, మెయిళ్లు, మెసేజ్‌లు పెరిగాయి. మా ఆఫీసులోనూ అంతే, అందరి చెవుల్లో హెడ్‌ఫోన్లే. పక్క సీటు అమ్మాయి నాకు చాట్‌లో "లంచ్‌కి వస్తావా" అని పెడుతుంది.

ప్రశ్న అడిగినవారు: మావాడు సీలింగ్‌కి ఒప్పుకున్నాడు, గాజు మాత్రం వదలనంటున్నాడు. పైగా బీములు చాలా కిందికి ఉన్నాయి, సీలింగ్ వేస్తే నెత్తి మీదికొస్తుందేమో?

జవాబు (హైదరాబాద్): అయితే సీలింగ్ మానేసి, బీముల నడుమ ఫెల్ట్ (మెత్తటి దళసరి గుడ్డ లాంటిది) ప్యానెళ్లు నిలువుగా వేలాడదీయించండి. హైటు పోదు, మీవాడి నల్ల స్లాబూ కనపడుతుంది. స్ప్రింక్లర్లకి, స్మోక్ డిటెక్టర్లకి అడ్డం రాకుండా చూసుకోండి. గాజు ఉంచుకోండి, కానీ పార్టిషన్ స్లాబు దాకా వెళ్లి మూసుకోవాలి. చాలామంది తలుపు ఎత్తుకి కాస్త పైన ఆపేస్తారు, అప్పుడు లోపలి మాట పైనుంచి దూకి హాల్లో పడుతుంది. "స్లాబు వరకు" అని కొటేషన్‌లోనే రాయించుకోండి. నోటిమాటగా చెబితే మా కార్పెంటర్లు కూడా మధ్యలోనే ఆపేస్తారు.