కథ కలలా నడవాలంటే ‘నేను’ మేలా, ‘ఆమె’ మేలా?
(చిత్తుప్రతి, నీలిసిరా, గవాక్షం: మాట్లాడుకుంటున్న ముగ్గురి మారుపేర్లు.)

చిత్తుప్రతి:
1500 పదాల కథ రాస్తున్నాను. ఎప్పుడో అమ్మేసిన తమ పాత ఇంటికి సావిత్రి వెళ్తుంది. మొత్తం కలలా ఉండాలి. కానీ రెండో పేరాకే ‘ఇది కలే కదా’ అని చదివినవాళ్లు పట్టేస్తున్నారు. పాము, చందమామ, బావి, తెల్లచీర పెట్టాను. ‘నేను’లోకి మారిస్తే నయమా? ఒక వాక్యం: “ఏదో కలలో ఉన్నట్టు ఆమె తలుపు తెరిచి, వింతగా ఉన్న గదిని చూసింది.”

నీలిసిరా:
ముందు ‘కలలో ఉన్నట్టు’, ‘వింతగా’, ‘ఏదో’ కొట్టేయండి. కల కనేవాళ్లకి అది వింత కాదు. వింత అంటున్నది బయట నిలబడ్డ కథకుడు. ఆ గొంతు వినబడగానే పాఠకుడికి మెలకువ వచ్చేస్తుంది.

తర్వాత క్రియలు. ‘తెరిచింది’ బదులు ‘తెరుచుకుంది’, ‘చూసింది’ బదులు ‘కనిపించింది’ అంటే పని ఆమె చేతిలోంచి జారిపోతుంది. పేరాకి ఒకటి చాలండీ, అన్నీ అలాగే రాస్తే సావిత్రి దూదిబొమ్మ అయిపోతుంది. మిగతావి మామూలు చేతలే ఉండాలి:

“తలుపు తెరుచుకుంది. సావిత్రి చెప్పులు విడిచింది. గదిలో మోకాలి లోతు నీళ్లు. చీర కాస్త ఎత్తిపట్టుకుని లోపలికి నడిచింది.”

గవాక్షం:
నా ఓటు ‘నేను’కి. విన్నదానికి వాడే ‘ట’ని తనకే తగిలించండి: “నేను నవ్వానట. తాళం నా దగ్గరే ఉందట.” తన సంగతి తనే ఎవరో చెప్పగా వింటున్నట్టుంటుంది. రెండు మూడుసార్లు దాటితే మాత్రం ఊతపదం.

మెక్సికో రచయిత హువాన్ రుల్ఫో నవల ‘పేద్రో పారమో’ (1955) మొదటి వాక్యం నుంచే ‘నేను’. ఆ ‘నేను’ సమాధిలోంచి మాట్లాడుతున్నాడని దాదాపు సగం చదివాక గానీ తెలియదు. వాక్యాలు పొడిపొడిగానే ఉంటాయి. ఎవరు ఎక్కణ్నుంచి మాట్లాడుతున్నారో అంతుచిక్కకపోవడమే అక్కడి పొగమంచు.

నీలిసిరా:
‘ట’ బాగుంది. అయినా ‘ఆమె’ ఉంచొచ్చు, ఆమెకి తెలియని ముక్క ఒక్కటీ కథకుడు చెప్పకపోతే.

ఆ నాలుగు ప్రతీకలూ తీసేయండి. పాము కనబడగానే పాఠకుడు అర్థం వెతకడం మొదలెడతాడు. ఇంట్లో వస్తువు ఒకటి తీసుకోండి, ఇత్తడి బిందె అనుకుందాం. మూడుసార్లు రావాలి, మారేది ప్రతిసారీ ఒక్క గుణమే. మొదట నిండుగా, మామూలుగా. తర్వాత కింద పడుతుంది, చప్పుడు రాదు. చివర ఖాళీగా ఉంటుంది, ఎత్తితే లేవదు. ‘జ్ఞాపకాల బరువులా’ అని ఒక్క ఉపమానం పడిందా, బిందె పోయి ఉపన్యాసం మిగులుతుంది.

చిత్తుప్రతి:
బావి తీసేస్తే నీళ్లెక్కడివని అడగరా?

గవాక్షం:
సావిత్రి అడగనంతవరకు ఎవరూ అడగరు. ఆమె బిందె దించి, వడగట్టే గుడ్డ కోసం వెతికితే చాలు.