‘చురుళి’లో బుట్ట ఎవరి నెత్తిన ఉంది?

ప్రశ్న – అలిపిరి మెట్టు:
లిజో జోస్ పెల్లిశ్శేరి తీయగా 2021లో విడుదలైన మలయాళ చిత్రం ‘చురుళి’ని నిన్న రాత్రి తిరుపతిలోని మా గదిలో మిత్రులం నలుగురం కలిసి చూశాం. జాయ్ అనే నేరస్థుణ్ణి వెదుకుతూ ఇద్దరు పోలీసులు ఆంటోనీ, షాజీవన్ అనే పేర్లతో, రబ్బరు మొక్కలకు గుంతలు తవ్వే కూలీలమని చెప్పుకుంటూ అడవిలోని ఊరికి చేరడం వరకు మాకు ఏ ఇబ్బందీ లేదు. చివర జీపు నేల విడిచి చంద్రుని వైపు లేచిపోయేసరికి నలుగురికీ నాలుగు అర్థాలు తోచాయి. మొదట్లో ఒక స్త్రీ గొంతు చెప్పే నంబూద్రి (కేరళ బ్రాహ్మణుడు) కథ ముగింపుకు తాళంచెవి అవుతుందా, లేక అది ఉత్త అలంకారమేనా?

జవాబు – చంద్రగిరి వాసి:
తాళంచెవి అదేనండి. మాడన్ అనే మాయావిని పట్టడానికి అడవికి వెళ్లిన నంబూద్రి, ముడుచుకుని పడి ఉన్న అలుగు (పాంగోలిన్) అనే పెంకుల జంతువును బుట్టలో వేసుకుని నెత్తిన పెట్టుకుంటాడు. ఆ అలుగే మాడన్. అది పైనుంచి తప్పుదారి చెబుతూ ఉంటే, తానే వెదుకుతున్నానన్న నమ్మకంతో ఆయన నడుస్తూనే ఉంటాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెదకడమని మనం అంటామే, అచ్చంగా అదే. ఇప్పుడు మంచం పట్టిన జాయ్‌ని జీపులో వేసుకుని బయలుదేరిన పోలీసులను చూడండి. ఎవరు ఎవరిని తీసుకుపోతున్నారు? మలయాళంలో చురుళి అంటే మెలికల చుట్ట. మన శేషాచలం అడవుల్లోనూ ఉండే అలుగు, భయం వేసినప్పుడు తలను కడుపులో దాచుకుని, పెంకులు మాత్రమే బయటికి కనిపించేలా చుట్టుకుపోతుంది. సినిమా పేరు, కథలోని జంతువు, పోలీసులు తిరిగే దారి మూడూ ఒకే ఆకారంలో ఉండటం యాదృచ్ఛికమని నేను నమ్మను.

జవాబు – పీలేరు పాఠకురాలు:
ఇంట్లో పెద్దవాళ్లతో కూర్చుని చూడకండి, బూతులు దారుణంగా ఉన్నాయి. వాటి మీద కేరళ హైకోర్టుకు వెళ్లిన పిటిషన్‌ను 2022లో కోర్టు కొట్టివేసింది. అయితే ఆ బూతులు కథకు అవసరమేనని నా అభిప్రాయం. చెక్క వంతెన దాటే వరకు మర్యాదగా మాట్లాడిన జీపు డ్రైవరు, తోటి ప్రయాణికులు, అవతలి ఒడ్డు చేరగానే నోరు విప్పితే బూతు తప్ప మాట రాని మనుషులైపోతారు. పొలిమేర దాటామని బోర్డు పెట్టి చెప్పకుండా, భాష మార్చి చెప్పడం నాకు ఎంతో నచ్చింది. సారాయి అంగడే ప్రార్థనా మందిరంగా మారే ఘట్టాన్ని కూడా దీనితో కలిపి చూడాలి.

జవాబు – తలకోన దారి:
చంద్రగిరి వాసి గారి వివరణ బాగుంది కానీ, ప్రతిదానికీ అర్థం చెప్పుకుంటూ పోతే ఈ సినిమా చేతిలో మిగలదు. ఒకసారి తలకోనలో ఫోన్‌కు సిగ్నల్ లేక, నేనూ మా బావమరిదీ వెదురు పొద ఒకటి దాటి, గంట నడిచి, మళ్లీ అదే పొద దగ్గర తేలాం. పొద మొదట్లో మేము పారేసిన వేరుశనగ తొక్కలే మాకు సాక్ష్యం. అప్పుడు కలిగినది అర్థం కాదు, వెన్నులో చలి. మధు నీలకంఠన్‌కు కేరళ రాష్ట్ర ఉత్తమ ఛాయాగ్రాహకుని పురస్కారం తెచ్చిన ఈ చిత్రంలో పొగమంచు, రాత్రి వెలుగులు చేసే పని కూడా అదే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మరొకసారి చూడండి.

అలిపిరి మెట్టు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం మొదటి అరగంట మళ్లీ చూశాను. షాజీవన్‌ను ఇంతకుముందు ఎక్కడో చూశామని ఊరివాళ్లు అనడాన్ని నిన్న మేము పలకరింపుగా తీసుకున్నాం. ఈసారి ఆ మాట దగ్గర ఆపి, అతని ముఖాన్ని చాలాసేపు చూశాను.