మంట పెడితే స్లాబు లోపల చల్లబడుతోంది, టైమ్ స్టెప్ తగ్గిస్తే ఇంకా ఎక్కువవుతోంది. ఎందుకు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఎంటెక్ స్ట్రక్చర్స్ ప్రాజెక్టులో 150 మి.మీ. మందం ఉన్న ఎం30 కాంక్రీట్ స్లాబుకి కింది వైపు ఐఎస్ఓ 834 (ప్రామాణిక అగ్ని పరీక్ష ఉష్ణోగ్రత రేఖ) మంట పెట్టి, ముందు ఉష్ణోగ్రతలు తీసుకుని, తర్వాత వాటితో స్ట్రెస్ లెక్క చేయాలి. అబాకస్ అనే ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్‌లో 20 నోడ్ల (ఉష్ణోగ్రత లెక్కించే బిందువుల) హీట్ ఎలిమెంట్లు, అంటే స్లాబుని విడగొట్టిన ముక్కలు (డీసీ3డీ20) వాడాను, మందంలో మూడు, అంటే ఒక్కోటి 50 మి.మీ. టైమ్ స్టెప్ 10 సెకన్లు. స్లాబు మొత్తం 20 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. రన్ ఏ ఎర్రరూ లేకుండా పూర్తవుతోంది, కానీ మొదటి కొన్ని నిమిషాల్లో మంట ముఖానికి కాస్త పైన ఉన్న నోడ్లు 5 డిగ్రీలకి పడిపోతున్నాయి. మోడల్‌లో 20 కన్నా చల్లనిది ఎక్కడా లేదు కదా! స్టెప్ 1 సెకనుకి తగ్గిస్తే బాగుపడుతుందనుకుంటే ఇంకా కిందకి పోయింది. ఈ పద్ధతి అన్‌కండిషనల్లీ స్టేబుల్ అని క్లాసులో చెప్పారు, మరి ఇదేంటి? వచ్చే వారం రివ్యూ ఉంది, టెన్షన్‌గా ఉంది. కలర్ స్కేల్ కనిష్ఠాన్ని 20 దగ్గర ఆపేసి చూపించమని రూమ్మేట్ అంటున్నాడు.

జవాబు:
ముందు యూనిట్లు ఒకసారి చూసుకోండి. మి.మీ., టన్ను, సెకను పద్ధతిలో అయితే సాంద్రత 2.3ఇ-9 (అంటే 2.3 × 10^-9), స్పెసిఫిక్ హీట్ 900 కాదు, 9ఇ8. కండక్టివిటీ మాత్రం 1.6 అయితే 1.6గానే ఉంటుంది, చాలామంది అక్కడ పొరబడతారు. స్టెఫాన్-బోల్ట్జ్‌మన్ స్థిరాంకం 5.67ఇ-11, కన్వెక్షన్ 25 బదులు 0.025. రేడియేషన్ ఉంది కాబట్టి పరమశూన్యం -273.15 అని ఇవ్వాలి. ఐఎస్ఓ ఫార్ములాలో కాలం నిమిషాల్లో ఉంటుంది, మీ స్టెప్ సెకన్లలో ఉంటుంది, అది కూడా చూడండి.

ప్రశ్న అడిగినవారు:
అన్నీ సరిగానే ఉన్నాయి సార్. గాలి ఉష్ణోగ్రత 30 నిమిషాలకి 842 వస్తోంది, ఫార్ములాతో సరిపోయింది. మీరు చెప్పిన సంఖ్యలే ఉన్నాయి.

జవాబు:
అయితే యూనిట్ల గొడవ కాదు తమ్ముడూ. స్టెప్ తగ్గిస్తే ఎక్కువైంది అన్నావే, జబ్బు అక్కడే పట్టుబడింది. కారు క్రాష్ లాంటి ఎక్స్‌ప్లిసిట్ లెక్కలు (తర్వాతి క్షణాన్ని ఇప్పటి విలువలతోనే నేరుగా లెక్కించేవి) చేసినవాళ్లకి టైమ్ స్టెప్ అంటే పైన ఒక పరిమితి ఉంటుందనే అలవాటు. స్టీలులో శబ్దవేగం సెకనుకి సుమారు 5 కి.మీ., 5 మి.మీ. ఎలిమెంటు దాటడానికి దాదాపు 1 మైక్రోసెకను పడుతుంది, స్టెప్ అంతకన్నా పెద్దదైతే పేలిపోతుంది, తగ్గిస్తే కుదురుకుంటుంది. ఉష్ణ వ్యాప్తిని ఇంప్లిసిట్‌గా (తర్వాతి క్షణం విలువలన్నిటికీ కలిపి సమీకరణాలు సాధిస్తూ) చేసేటప్పుడు తిరగబడుతుంది, ఇక్కడ స్టెప్‌కి కింద ఒక పరిమితి ఉంది. అది ఇది:

కనీస స్టెప్ = సాంద్రత × స్పెసిఫిక్ హీట్ × ఎలిమెంటు పొడవు వర్గం ÷ (6 × కండక్టివిటీ)

నీ సంఖ్యలు వేద్దాం. 50 మి.మీ. ఎలిమెంటుకి సుమారు 540 సెకన్లు వస్తుంది, అంటే 9 నిమిషాలు! నువ్వు 10 సెకన్లు పెట్టావు, తర్వాత 1 సెకను. ఆ 10 సెకన్లలో వేడి నిజంగా చొచ్చుకుపోయేది రెండు మూడు మిల్లీమీటర్లే, కానీ నీ ఎలిమెంటు 50 మి.మీ. మందం ఉన్న ఒకే వంపు గీతతో దాన్ని చూపించాలి. అంచు దగ్గర నిటారుగా లేచిన ఉష్ణోగ్రతని ఆ గీత పట్టుకోలేక పక్క నోడు దగ్గర కిందకి దిగుతుంది, దాని తర్వాతి నోడు దగ్గర మళ్లీ కొంచెం పైకి లేస్తుంది. పొర పొరకీ గుర్తు మారుతూ, కాలం గడిచేకొద్దీ తగ్గిపోతుంది. ఎన్‌టీ11 (నోడ్ల ఉష్ణోగ్రత) విలువలని మందం వెంబడి గీసి చూడు, ఇదే ఆకారం కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

లెక్కలో లోపల జరిగేది ఏంటంటే, మామూలు ఇంటిగ్రేషన్‌తో వచ్చే హీట్ కెపాసిటీ మాత్రిక పక్క నోడ్లని కూడా కలుపుతుంది, ఆ కలిపే పదాలు ధనాత్మకం. కండక్షన్ మాత్రికలో పక్క పదాలు రుణాత్మకం. స్టెప్ చిన్నదైతే కెపాసిటీ పదాలు (స్టెప్‌తో భాగించాలి కదా) గెలుస్తాయి, అప్పుడు ఒక నోడుకి వేడి ఎక్కితే పక్కది చల్లబడాలని సమీకరణమే చెబుతుంది. సరళ రేఖ మీద రెండు నోడ్ల ఎలిమెంట్లకి ఈ 6 అనే సంఖ్య కాగితం మీద రెండు లైన్లలో వస్తుంది, నువ్వే చేసి చూడు. నీ 20 నోడ్ల ఎలిమెంటుకి దాన్ని ఒక అంచనాగా తీసుకో.

స్టేబుల్ అని క్లాసులో చెప్పింది తప్పు కాదు. తప్పు పెరుగుతూ పోయి అనంతానికి వెళ్లదు అని మాత్రమే ఆ హామీ. జవాబు 20కీ మంట ఉష్ణోగ్రతకీ మధ్యలోనే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. క్రాంక్-నికల్సన్ అనే ఇంకో టైమ్ స్టెప్ పద్ధతి వాడే సొంత కోడ్ అయితే పై పరిమితి కూడా వస్తుంది, అక్కడ స్టెప్ పెద్దదైనా ఊగుతుంది.

రూమ్మేట్ చెప్పింది మాత్రం చేయొద్దు. రంగు మారుతుంది కానీ ఫైల్లో ఉన్న 5 డిగ్రీలు స్ట్రెస్ లెక్కలోకి అలాగే వెళతాయి. ఐఎస్ 456 (మన కాంక్రీట్ కోడ్) ప్రకారం ఎం30 స్థితిస్థాపక గుణకం 5000√30, సుమారు 27,400 మెగాపాస్కల్. లేని 15 డిగ్రీల చల్లదనానికి, వ్యాకోచ గుణకం 10ఇ-6 అనుకుని, చుట్టూ కాంక్రీట్ కదలనివ్వకుండా పట్టుకుంటే 4.1 మెగాపాస్కల్ టెన్షన్ వస్తుంది. పగులు బలం 0.7√30, అంటే 3.83. నిజంగా లేని పగుళ్లు నీ స్లాబు నిండా వస్తాయి, వాటి మీద నువ్వు ఒక చాప్టర్ రాస్తావు. నాకు ఈ విషయంలో గట్టి అభిప్రాయమే ఉంది.

చేయాల్సింది: 8 నోడ్ల డీసీ3డీ8కి మారు. వాటిలో హీట్ కెపాసిటీని మూలల దగ్గరే లెక్కిస్తారు, పక్క నోడ్లని కలిపే పదాలే ఉండవు, కాబట్టి ఆ కింది పరిమితి పోతుంది. ఎక్కువ నోడ్లు ఉంటే మంచి ఎలిమెంటు అనేది స్ట్రెస్‌లో నిజమే, వేడి తాకిడిలో కాదు. దాంతోపాటు మంట ముఖం దగ్గర 5 మి.మీ. మెష్ వెయ్యి, లోపలికి పోయేకొద్దీ పెంచుకో. ఊగకపోయినంత మాత్రాన 50 మి.మీ. మెష్ సరైన జవాబు ఇవ్వదు. ఎలిమెంట్లు మార్చడం కుదరకపోతే ఉపరితలంలో 5 మి.మీ. పెట్టి స్టెప్ 6 సెకన్ల కన్నా తగ్గించకు (పరిమితి 5.4 వస్తుంది). లోపలి పెద్ద ఎలిమెంట్లు ఆ నియమం తప్పుతాయి కానీ అక్కడ వాలు మెల్లగా ఉంటుంది, ఇబ్బంది రాదు. ఆటోమేటిక్ స్టెప్ పెడితే జాగ్రత్త, ఒక్కో ఇంక్రిమెంటులో ఇన్ని డిగ్రీలే మారాలి అన్న నియమం కోసం అది మొదట్లోనే స్టెప్‌ని బాగా కోసేస్తుంది, ఈ కింది పరిమితిని అది చూసుకోదు.

మొత్తం స్లాబు రన్ చేయకు ఇప్పుడే. ఒకే ఒక నిలువు వరస ఎలిమెంట్లు తీసుకుని, పక్క ముఖాలు ఇన్సులేట్ చేసి చూడు, ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

ఇంకొకరి జవాబు:
పైవారు చెప్పింది కరెక్ట్. ఒకటి కలుపుతాను. యూరోకోడ్ 2 (యూరప్ కాంక్రీట్ కోడ్) స్పెసిఫిక్ హీట్ వాడుతున్నారా? 100 నుంచి 115 డిగ్రీల మధ్య తేమ వల్ల పెద్ద శిఖరం ఉంటుంది, 3 శాతం తేమకి 900 నుంచి ఒక్కసారిగా 2020కి లేస్తుంది. స్టెప్ మరీ పెద్దదైతే నోడు ఆ 15 డిగ్రీలని ఒకే దూకులో దాటేస్తుంది, లేదా ఒక్కో స్టెప్‌లో జవాబుని మళ్లీ మళ్లీ సరిచేసే న్యూటన్ ఇటరేషన్లు శిఖరానికి అటూ ఇటూ ఊగి ఒక జవాబు దగ్గర కుదురుకోవు. అందుకని స్టెప్ పెంచి తప్పించుకునే దారి మీకు ఎలాగూ లేదు, ఎలిమెంటు మార్చడమే మంచిది. సరి చూసుకోవడానికి అదే కోడ్‌లో అగ్ని భాగమైన ఈఎన్ 1992-1-2 అనుబంధంలో 200 మి.మీ. స్లాబుకి ఉష్ణోగ్రత గ్రాఫ్ ఉంది. మీ నిలువు వరసని 200కి మార్చి, తేమ 1.5 శాతం, కండక్టివిటీ కింది వక్రరేఖ, ఎమిసివిటీ 0.7 పెట్టి దాంతో పోల్చండి. గైడ్‌కి చూపించడానికి ఇంతకన్నా మంచి పేజీ ఉండదు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అన్నా, థాంక్స్ సార్. డీసీ3డీ8, ఉపరితలంలో 5 మి.మీ. పెట్టి నిలువు వరస రన్ చేశాను. ఎక్కడా 20 కన్నా కిందకి పోవడం లేదు, స్టెప్ 1 సెకను పెట్టినా సరే. 200 మి.మీ. గ్రాఫ్‌తో దగ్గరగానే వస్తోంది. ఒక్క సందేహం, స్ట్రెస్ మోడల్ 20 నోడ్లతో ఉంది. దాన్ని కూడా 8కి మార్చాలా?

జవాబు:
అక్కర్లేదు, 20 నోడ్లే ఉంచు. స్థానభ్రంశం వర్గ రూపంలో ఉంటే స్ట్రెయిన్ సరళంగా మారుతుంది, ఉష్ణోగ్రత కూడా సరళంగానే మారుతుంది కాబట్టి రెండూ చక్కగా కుదురుతాయి. మెష్ మూలలు రెండు మోడళ్లలో ఒకటే ఉండాలి, ఉష్ణోగ్రత చదివేటప్పుడు మిడ్‌సైడ్ ఆప్షన్ పెట్టు, మధ్య నోడ్ల విలువలని అదే లెక్కగట్టుకుంటుంది. అది పెట్టకపోతే మధ్య నోడ్లకి ఉష్ణోగ్రత అందదు, స్ట్రెస్ గీత ఎగుడుదిగుడుగా వస్తే ముందు అదే చూడు.