పాత మస్టాంగ్‌లో మలుపులో గడగడ, హైవే మీద హోరు: రెండూ డిఫరెన్షియల్‌వేనా?

టెక్సాస్_గోదారోడు:

అందరికీ నమస్తే. నాది 2003 మస్టాంగ్ జీటీ, 4.6 వీ8, ఫైవ్ స్పీడ్ మాన్యువల్, లక్షా ముప్పై వేల మైళ్ళు దాటింది. ఈ మధ్యే కొన్నాను, డల్లాస్ దగ్గర ఉంటాను. రెండు సమస్యలు. ఒకటి, కాసేపు నడిపాక పార్కింగ్‌లో స్టీరింగ్ బాగా తిప్పి నెమ్మదిగా మలుపు తీసుకుంటే వెనక నుంచి గడగడమని అదురుతుంది, సీటు కింద స్పష్టంగా తెలుస్తుంది. బండి చల్లగా ఉన్నప్పుడు అంతగా ఉండదు. రెండోది, హైవే మీద 50 మైళ్ళు దాటాక ఒకటే హోరు, స్పీడు పెరిగేకొద్దీ పెరుగుతుంది.

ఇక్కడ ఒక షాపులో చూపిస్తే, కిందకి కూడా దూరకుండానే, డిఫరెన్షియల్ (వెనక రెండు చక్రాలకి శక్తి పంచే గేర్ల పెట్టె) పోయింది, దానిలోని ముఖ్యమైన గేర్లు రింగ్ గేర్, పినియన్, ఇంకా లోపలి క్లచ్‌లు అన్నీ మార్చాలి అన్నారు. వాళ్ళు చెప్పిన ధర వింటే బండి కొన్న ఆనందం పోయింది. పాత ఓనర్ ఇచ్చిన రసీదుల్లో వెనక గేర్ ఆయిల్ మార్పించినట్టు ఉంది, ఆయిల్ తప్ప వేరే ఐటమ్ ఏదీ రాయలేదు. నిజంగా మొత్తం మార్చాలా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

యాక్సిల్_అన్న:

తమ్ముడూ, ముందు ఆ షాపుకి డబ్బులు కట్టకు. నువ్వు చెప్పినవి రెండు వేర్వేరు లక్షణాలు, రెండిటికీ కారణం ఒకటే అయి ఉండాలని లేదు. వెనక నుంచి ఏ శబ్దం వచ్చినా డిఫరెన్షియల్ పోయింది అనేయడం చాలా షాపుల్లో అలవాటైపోయింది, నాకు అక్కడే ఒళ్ళు మండుతుంది.

గడగడ సంగతి ముందు. నీ బండిలో 8.8 అంగుళాల యాక్సిల్, అందులో ట్రాక్షన్-లాక్ ఉంటుంది, అంటే ఒక్క చక్రమే ఊరికే తిరిగిపోకుండా ఆపే ఫోర్డ్ వాళ్ళ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఎల్ఎస్‌డీ). లోపల రెండు వైపులా ఒక స్టీల్ ప్లేటు, ఒక ఫ్రిక్షన్ ప్లేటు చొప్పున వరసగా పేర్చి ఉంటాయి (షాపువాళ్ళు క్లచ్‌లు అన్నది వీటినే), మధ్యలో ఎస్ ఆకారం స్ప్రింగ్ వాటిని ఎప్పుడూ నొక్కి పెడుతుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ, కాబట్టి ఆ ప్లేట్లు ఒకదాని మీద ఒకటి జారక తప్పదు. ఆ జారడం మెత్తగా ఉండాలంటే ఆయిల్‌లో ఫ్రిక్షన్ మాడిఫయర్ అనే జారుడు మందు కలపాలి. అది లేకపోతే ప్లేట్లు పట్టుకుంటాయి, వదులుతాయి, మళ్ళీ పట్టుకుంటాయి, నీకు సీటు కింద తెలిసేది అదే. ఆయిల్ మార్చిన రసీదులో మాడిఫయర్ కనపడలేదు అన్నావు కదా, నా అనుమానమంతా దాని మీదే. ఈ యాక్సిల్‌కి 4 ఔన్సులు పోయాలి, చిన్న సీసాలో అమ్ముతారు. కొన్ని ఆయిళ్ళలో ముందే కలిపి ఉంటుంది, డబ్బా మీద చదువుకో.

అలాగని గడగడ ఆగేదాకా సీసాల మీద సీసాలు పోసేయకు. మాడిఫయర్ ఎక్కువైతే ప్లేట్లు మరీ జారిపోతాయి, అప్పుడు ఎల్ఎస్‌డీ ఉండి కూడా లేనట్టే, వానలో ఒక్క చక్రమే గిర్రున తిరుగుతుంది.

ఇంకోటి, డిఫరెన్షియల్ కవర్ బోల్టు కింద చిన్న రేకు ట్యాగ్ ఉంటుంది, తుడిచి చూడు. 3ఎల్27 అని అంకెల మధ్యలో ఎల్ ఉంటే ఫ్యాక్టరీ నుంచే లిమిటెడ్ స్లిప్, గేర్ రేషియో 3.27 అని అర్థం. వెనక టైర్లు రెండూ ఒకే సైజు, ఒకే అరుగుదలలో ఉన్నాయో లేదో కూడా చూడు. తేడా ఉంటే నేరుగా వెళ్తున్నప్పుడు కూడా ఆ ప్లేట్లు జారుతూనే ఉంటాయి, వేడెక్కి అరిగిపోతాయి.

రాత్రి_గ్యారేజ్:

అన్న చెప్పింది కరెక్టే, హోరు గురించి నేను చెప్తాను. ఖాళీ రోడ్డు మీద 55లో వెళ్తూ యాక్సిలరేటర్ మీద కాలు తీసి చూడు, మళ్ళీ నొక్కి చూడు. నొక్కినప్పుడు కూత ఒకలా, వదిలినప్పుడు ఇంకోలా ఉంటే రింగ్ గేర్, పినియన్ మీద అనుమానపడాలి. నొక్కినా వదిలినా ఒకేలా ఉండి స్పీడుతో మాత్రమే మారితే యాక్సిల్ బేరింగ్ గానీ టైర్లు గానీ. కాంక్రీటు రోడ్డు నుంచి తారు రోడ్డు మీదకి రాగానే శబ్దం మారిపోతే అది టైరే. అదే స్పీడులో లేన్ మారుతూ చూడు, బరువు ఒక పక్కకి పడినప్పుడు హోరు పెరిగితే ఆ పక్క బేరింగ్‌ని అనుమానించొచ్చు.

ఈ 8.8లో బేరింగ్ రోలర్లు నేరుగా యాక్సిల్ షాఫ్ట్ మీదే తిరుగుతాయి, వాటికి వేరే లోపలి రింగ్ ఉండదు. అందుకని బేరింగ్ పోతే షాఫ్ట్ కూడా గీసుకుపోతుంది. కొత్త బేరింగ్ ఒక్కటే వేసి పాత షాఫ్ట్ దూరిస్తే హోరు మళ్ళీ వస్తుంది.

కవర్ విప్పే ముందు క్లచ్‌లలో పట్టు ఎంత మిగిలిందో కొలుచుకో. ఒక వెనక చక్రం నేల మీదే ఉంచి, రెండోది లేపి జాక్ స్టాండ్ పెట్టి, ముందు చక్రాలకి చెక్కలు అడ్డం వేసి, న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వదిలి, లేపిన వైపు మధ్యలో పట్టే అడాప్టర్‌తో టార్క్ రెంచ్ పెట్టి తిప్పు. ఆగకుండా తిరగడానికి కనీసం 20 అడుగు-పౌండ్లు కావాలి. అంతకన్నా తక్కువైతే ప్లేట్లు అరిగినట్టే. ఇంజన్ మాత్రం ఆపే ఉంచు. ఒక చక్రం లేచి ఉందిలే అని ఎల్ఎస్‌డీ బండిని స్టార్ట్ చేసి గేర్ వేస్తే నేల మీదున్న చక్రం బండిని స్టాండ్ మీద నుంచి లాగేస్తుంది. ప్రాణాల మీదకి వస్తుంది.

నల్గొండ_థార్:

మధ్యలో వస్తున్నందుకు సారీ అన్నలూ. నా థార్‌లో వెనక డిఫరెన్షియల్ బురదలో దిగినప్పుడు ఠక్‌మని కొడుతుంది. నేను కూడా ఈ మాడిఫయర్ పోయాలా?

యాక్సిల్_అన్న:

వద్దు తమ్ముడూ, మీది వేరే రకం. మెకానికల్ లాకింగ్, రెండు చక్రాల మధ్య తేడా సుమారు 100 ఆర్‌పీఎమ్ దాటగానే పూర్తిగా లాక్ అవుతుంది, ఆ ఠక్ అదే. నెమ్మదిగా వెళ్తున్నప్పుడే పట్టుకుంటుంది, స్పీడులో పట్టుకోదు. మీ మాన్యువల్‌లో ఏ ఆయిల్ రాస్తే అదే పోయండి. మామూలు రోడ్డు మీద మలుపుల్లో కూడా కొడుతుంటే అప్పుడు చూపించండి.

టెక్సాస్_గోదారోడు:

అన్నలూ, అప్‌డేట్. ట్యాగ్ మీద 3ఎల్27 అనే ఉంది. టార్క్ రెంచ్‌తో 30 దాటింది. తర్వాత కవర్ విప్పాను. దీనికి కింద డ్రెయిన్ ప్లగ్ లేదు కాబట్టి కవర్ తీస్తేనే ఆయిల్ దిగుతుంది. ఆయిల్ నల్లగా, మాడు వాసన. అడుగున బూడిదరంగు పేస్టు మెత్తగా ఉంది, వేళ్ళ మధ్య రుద్దితే గరుకు తగల్లేదు, ముక్కలు ఏమీ లేవు. రింగ్ గేర్ పళ్ళు ఒక్కొక్కటీ లైటు వేసి చూశాను, విరిగినవి, గుంటలు పడినవి లేవు. 75డబ్ల్యూ-140 సింథటిక్, 4 ఔన్సుల మాడిఫయర్ పోసి, ఖాళీ పార్కింగ్‌లో నెమ్మదిగా ఎనిమిది అంకెలా తిప్పుతూ పోయాను. మొదట్లో కాస్త అదిరింది, తర్వాత పూర్తిగా ఆగిపోయింది!

హోరు మాత్రం అలాగే ఉంది. కాలు తీసినా మారడం లేదు, ఎడమ లేన్‌లోకి తిప్పితే పెరుగుతోంది, అంటే కుడి బేరింగ్ అనుకుంటున్నాను. యాక్సిల్ ఎలాగూ బయటికి తీస్తాను కాబట్టి క్లచ్ ప్లేట్లు కూడా మార్చేయమంటారా?

రాత్రి_గ్యారేజ్:

30 దాటింది కదా, ప్లేట్ల జోలికి పోకు, ఆ డబ్బు షాఫ్ట్‌కి ఉంచుకో. షాఫ్ట్ బయటికి తీశాక బేరింగ్ తిరిగే చోట గోరు పెట్టి లాగు. గోరు ఎక్కడైనా తట్టుకుంటే షాఫ్ట్ మార్చాల్సిందే. ఎప్పుడైనా ప్లేట్లు మార్చాల్సి వచ్చినా యాక్సిల్స్ తీస్తే చాలు, రింగ్ గేర్ బిగించి ఉండే క్యారియర్ కదపక్కర్లేదు, కాబట్టి రింగ్ గేర్ సెట్టింగ్ చెడదు. మొత్తం మార్చాలి అన్న షాపు నీకు ఈ ముక్క చెప్పి ఉండదు.

యాక్సిల్_అన్న:

నాదీ అదే మాట. డిఫరెన్షియల్ మధ్యలో అడ్డంగా ఉండే క్రాస్ పిన్‌ని పట్టుకుని ఉండే సన్నటి లాక్ బోల్టు విప్పేటప్పుడు చాలా జాగ్రత్త, తొందరపడితే లోపలే విరుగుతుంది. సరిగ్గా పట్టే రెంచ్‌తో మెల్లగా విప్పు, బిగించేటప్పుడు పాతది వాడకుండా కొత్తది లాక్‌టైట్ (బోల్టు వదులు కాకుండా రాసే జిగురు) రాసి బిగించు. ఆ పిన్ తీశాక షాఫ్ట్ లోపలికి తోస్తే షాఫ్ట్‌ని లోపల పట్టి ఉంచే సి క్లిప్ చేతికి వచ్చేస్తుంది. సీల్ కూడా కొత్తది వెయ్. యాక్సిల్ ట్యూబ్ మీద గాలి వెళ్ళే వెంట్ మట్టితో మూసుకుపోయిందేమో చూడు, అది మూసుకుపోతే లోపల వేడికి ఒత్తిడి పెరిగి కొత్త సీల్ నుంచి కూడా ఆయిల్ కారి బ్రేకుల మీద పడుతుంది. కవర్ మళ్ళీ విప్పుతావు కాబట్టి ఆయిల్, మాడిఫయర్ రెండూ కొత్తగా కొనుక్కుని పెట్టుకో, ముందు ఆయిల్ పోసే ఫిల్ ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకున్నాకే కవర్ బోల్టుల మీద చెయ్యి వెయ్.