డబ్ల్యుఎంఎస్ (గోదాము సాఫ్ట్‌వేర్), టీఎంఎస్ (లారీల సాఫ్ట్‌వేర్) కలిపాక స్టాకు మొత్తం టాలీ అవుతోంది, గోదాముల వారీగా మాత్రం తప్పు. దారిలో ఉన్న సరుకును ఎక్కడ చూపాలి?

నెల్లూరు_కోల్డ్‌స్టోర్:
నమస్తే. నెల్లూరులో ఒకటి, ఒంగోలులో ఒకటి, మొత్తం రెండు కోల్డ్ స్టోరేజీలు. సరుకు ఫ్రోజెన్ రొయ్యలు. గోదాముల్లో డబ్ల్యుఎంఎస్ నడుస్తోంది, ప్రతి ప్యాలెట్‌కూ బార్‌కోడ్ ఉంది, హ్యాండ్‌హెల్డ్‌తో స్కాన్ చేస్తారు. లారీలకు వేరే కంపెనీ టీఎంఎస్. ట్రిప్పు, బండి నంబరు, జీపీఎస్, డెలివరీ ఫోటో అన్నీ అందులోనే. రెండింటికీ ఏపీఐ (వేరే సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడే మార్గం) ఉంది, టీఎంఎస్ వెబ్‌హుక్ (ఏదైనా జరగగానే తనంతట తాను పంపే సందేశం) కూడా పంపుతుంది.

ఇప్పుడు రాయించిన పద్ధతి ఇది: టీఎంఎస్‌లో 'డిస్పాచ్డ్' పడగానే నెల్లూరు స్టాకు తగ్గాలి, 'డెలివర్డ్' పడగానే ఒంగోలు స్టాకు పెరగాలి. ఉదాహరణకు నెల్లూరులో 31/40 కౌంట్ సైజు రొయ్యలు 640 కార్టన్లు ఉంటే, అందులో 200 ఒంగోలుకు పంపి, అవి చేరాక తెర మీద నెల్లూరు 240, ఒంగోలు 400 అని కనిపిస్తోంది. మొత్తం 640 సరిపోతోంది. గోదాములో లెక్కపెడితే నెల్లూరులో 440, ఒంగోలులో 200. సేల్స్ వాళ్లు తెర చూసి లేని సరుకుకు ఆర్డరు ఒప్పుకుంటున్నారు. ఎక్కడ సరిచేయాలి? మధ్యలో ఇంకో సాఫ్ట్‌వేర్ కొనాలా?

ఒంగోలు_డిస్పాచ్:
కొనక్కర్లేదు. ఒకే 200 కార్టన్లను రెండు సాఫ్ట్‌వేర్లూ కదుపుతున్నాయి, అదే తప్పు. లోడింగ్ స్కాన్‌తో డబ్ల్యుఎంఎస్ 200 తగ్గించింది, 'డిస్పాచ్డ్' వచ్చి ఇంకో 200 తగ్గించింది. ఒంగోలులో దిగుమతి స్కాన్ 200 కలిపింది, 'డెలివర్డ్' మళ్లీ 200 కలిపింది. రెండు చోట్లా తప్పు ఒకే అంకె కాబట్టి మొత్తంలో ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. అందుకే మొత్తం చూసి టాలీ అయిందని నమ్మకూడదు. ప్రతి గోదాముకూ విడిగా, ప్రతి లాటుకూ (ఒకేసారి తయారైన బ్యాచ్‌కూ) విడిగా సరిచూడాలి.

నియమం ఒక్కటే పెట్టుకోండి: పరిమాణం మార్చే హక్కు స్కాన్‌కే. టీఎంఎస్ చెప్పేది బండి ఎక్కడుంది, ఎప్పుడు వస్తుంది, అంతవరకే. 'డిస్పాచ్డ్' అనేది కొన్ని టీఎంఎస్‌లలో ట్రిప్పు షీటు తెరిచిన క్షణం. అప్పటికి బండి డాక్‌కు రాకపోయి ఉండొచ్చు, సగమే లోడ్ అయి ఉండొచ్చు. 'డెలివర్డ్' అంటే డ్రైవరు యాప్‌లో బటన్ నొక్కాడని అర్థం, హమాలీలు సరుకు దించి లెక్క చూశారని కాదు.

దారిలో ఉన్న సరుకుకు డబ్ల్యుఎంఎస్‌లోనే మూడో గోదాము తెరవండి. కాగితం మీదే గోదాము, పేరు 'దారిలో నెల్లూరు-ఒంగోలు' అని పెట్టుకోవచ్చు. సీలు వేసి గేట్ అవుట్ స్కాన్ పడగానే 200 నెల్లూరు నుంచి అందులోకి పోవాలి: నెల్లూరు 440, దారిలో 200, ఒంగోలు 0. ఒంగోలులో దించేటప్పుడు 198 బాగుండి 2 నలిగి ఉంటే ఒంగోలు 198, హోల్డ్ (అమ్మకుండా పక్కన పెట్టినవి) 2, దారిలో 0. ఒక కార్టన్ తక్కువ వస్తే అది 'దారిలో'నే మిగిలి కనిపించాలి, దానంతటదే మాయమవకూడదు. సేల్స్ తెరలో 'దారిలో' అంకెను అమ్మదగిన స్టాకులో కలపొద్దు. పక్కన వేరే గడిలో, చేరే సమయంతో చూపండి.

ఇంకో తేడా కొలతల్లో వస్తుంది. డబ్ల్యుఎంఎస్ కార్టన్లు లెక్కపెడుతుంది, కిరాయి కోసం టీఎంఎస్ టన్నులు లెక్కపెడుతుంది. 10 కిలోల నికర బరువున్న కార్టన్ కాటా మీద 10 కిలోలు తూగదు. గ్లేజ్ ఐసు (రొయ్యల మీది పలుచని మంచు పొర), అట్టపెట్టె బరువు కూడా ఉంటాయి. టన్నుల నుంచి వెనక్కి కార్టన్లు లెక్కకడితే ప్రతి లోడులోనూ తేడా వస్తుంది. టీఎంఎస్‌కు కార్టన్ల సంఖ్య, స్థూల బరువు రెండూ పంపండి, వెనక్కి మాత్రం ఏదీ లెక్కకట్టకండి.

కావలి_ఇంటిగ్రేషన్:
పై అన్న చెప్పిన నియమంతో సగం పని అయిపోయినట్టే. మిగతా సగం, రెండు సాఫ్ట్‌వేర్లూ ఏ నంబరు పట్టుకుని మాట్లాడుకోవాలన్నది.

బండి నంబరును కీ చేయొద్దు. దారిలో బండి ఆగిపోతే సరుకు ఇంకో బండిలోకి మారుతుంది, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ పత్రం) పార్ట్ బి లో, అంటే బండి వివరాల భాగంలో, కొత్త నంబరు ఎక్కుతుంది. అప్పుడు మీ లింకు తెగిపోతుంది. ఈ-వే బిల్లు 12 అంకెల నంబరు కూడా కీగా పనికిరాదు, 24 గంటల్లోపు రద్దుచేసి ఇంకోటి తీయొచ్చు కదా. వాటిని రిఫరెన్సుగా ఉంచుకోండి. అసలు కీ ప్యాలెట్ ఎస్‌ఎస్‌సీసీ, అంటే ప్రతి ప్యాలెట్‌కూ విడిగా ఇచ్చే నంబరు: 18 అంకెలు, మొదటిది ఎక్స్‌టెన్షన్ అంకె, చివరిది చెక్ డిజిట్, మధ్యలో మీ జీఎస్1 (బార్‌కోడ్ ప్రమాణాల సంస్థ) కంపెనీ ప్రిఫిక్స్, సీరియల్. లేబుల్ మీద 00 గుర్తు తర్వాత ఎస్‌ఎస్‌సీసీ, 10 గుర్తు తర్వాత లాటు నంబరు వస్తాయి. డబ్ల్యుఎంఎస్ ఒక షిప్‌మెంట్ నంబరు పుట్టించి టీఎంఎస్‌కు ఇస్తే, టీఎంఎస్ పంపే ప్రతి వెబ్‌హుక్‌లో అదే తిరిగి రావాలి.

వెబ్‌హుక్‌లు రెండుసార్లు వస్తాయి, ముందువి వెనకా వెనకవి ముందూ వస్తాయి. అది లోపం కాదు, వాటి స్వభావమే అంత. 'అందింది' అని చెప్పే 200 కోడ్ జవాబు సమయానికి అందకపోతే అవతలి వైపు మళ్లీ పంపుతుంది. కాబట్టి ప్రతి ఈవెంటుకూ ప్రత్యేక ఐడీ ఉండాలి, మీ టేబుల్‌లో ఆ కాలమ్ మీద యూనిక్ ఇండెక్స్ ఉండాలి. రెండోసారి వచ్చింది అక్కడే ఆగిపోతుంది. వచ్చిన వెంటనే టేబుల్‌లో రాసి 200 కోడ్ ఇచ్చేయండి, లెక్కలు తర్వాత చేసుకోవచ్చు.

మీ వైపు నుంచి పంపేటప్పుడు స్టాకు మార్పు, పంపాల్సిన ఈవెంటు రెండూ ఒకే డేటాబేస్ ట్రాన్సాక్షన్‌లో (పడితే రెండూ పడాలి, లేదా ఏదీ పడకూడదు) రాయండి. స్టాకు మారాక విడిగా ఏపీఐ పిలిస్తే, సరిగ్గా ఆ మధ్యలో సర్వర్ ఆగితే లారీ బయల్దేరినా టీఎంఎస్‌కు కబురు అందదు. పంపే ప్రోగ్రాము ఆ టేబుల్ చదివి పంపాలి. విఫలమైతే 1, 2, 4, 8 నిమిషాల విరామంతో మళ్లీ ప్రయత్నించాలి, 8 సార్లు అయ్యాక పక్కన పెట్టి డ్యూటీలో ఉన్నవాళ్ల ఫోనుకు మెసేజ్ పంపాలి. రోజుకు రెండు మూడు వేల స్కాన్లకు కాఫ్కా (భారీ మెసేజ్‌ల వ్యవస్థ) అక్కర్లేదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక టేబుల్ చాలు.

సమయం విషయంలో జాగ్రత్త. ఒక సాఫ్ట్‌వేర్ భారత సమయం +05:30 గుర్తు లేకుండా పంపి, ఇంకోటి దాన్ని యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయంగా) చదివితే ఉదయం 10:00 గేట్ అవుట్ మధ్యాహ్నం 3:30 అయి కూర్చుంటుంది. అప్పుడు ఒంగోలు దిగుమతి నెల్లూరు బయల్దేరడం కన్నా ముందు జరిగినట్టు ఉంటుంది. ప్రతి ఈవెంటులో జరిగిన సమయం, మనకు అందిన సమయం రెండూ దాచండి. నెట్‌వర్క్ లేని చోట జీపీఎస్ పరికరం పాయింట్లు దాచుకుని తర్వాత ఒకేసారి పంపుతుంది. అందిన సమయం చూసి స్థానం చూపితే లారీ వెనక్కి నడిచినట్టు కనిపిస్తుంది.

నెల్లూరు_కోల్డ్‌స్టోర్:
చాలా స్పష్టంగా చెప్పారు, ఇద్దరికీ ధన్యవాదాలు. మూడు సందేహాలు. జాతీయ రహదారి 16 పక్కనే మా ఒంగోలు గోదాము, లారీ రాకముందే 'చేరింది' అని అలర్ట్ వస్తోంది. ఛాంబర్ (శీతల గది) లోపల స్కాన్లు ఆలస్యంగా ఎక్కుతున్నాయి. ప్యాలెట్ విప్పి కొన్ని కార్టన్లే పంపితే ఎస్‌ఎస్‌సీసీ ఏమవాలి?

ఒంగోలు_డిస్పాచ్:
జియోఫెన్స్‌కు (మ్యాప్ మీద గోదాము చుట్టూ గీసే హద్దుకు) 500 మీటర్ల వృత్తం గీసి ఉంటారు. రోడ్డు దాని లోపలే పడుతుంది, చీరాల వైపు పోయే బండి కూడా చేరినట్టే నమోదవుతుంది. వృత్తం తీసేసి కాంపౌండు గోడ వెంట బహుభుజి గీయండి, లోపల 5 నిమిషాలు ఆగితేనే చేరినట్టు లెక్క. జీపీఎస్ పూర్తిగా ఆగిపోయినప్పుడు యూలిప్ (కేంద్ర ప్రభుత్వ లాజిస్టిక్స్ డేటా వేదిక) ద్వారా ఫాస్టాగ్ టోల్ సమాచారం సాయపడుతుంది. టంగుటూరు టోల్ దాటిన సమయం తెలిస్తే ఒంగోలు డాక్‌లో మనుషుల్ని సిద్ధం చేసుకోవచ్చు. స్టాకు లెక్కకు మాత్రం దాన్ని వాడకండి.

ఛాంబర్ విషయం: పఫ్ ప్యానెళ్లకు (చలి బయటికి పోకుండా గోడలకు వాడే పలకలకు) రెండు వైపులా లోహపు రేకు ఉంటుంది, బయట పెట్టిన వైఫై లోపలికి రాదు. ప్రతి ఛాంబర్‌లో యాంటెనా ఉండాలి, చలికి తగిన రేటింగుతో. అది కుదిరేదాకా హ్యాండ్‌హెల్డ్ ఆఫ్‌లైన్‌లో స్కాన్ దాచుకుని డాక్‌కు రాగానే పంపాలి, స్కాన్ చేసిన సమయంతో సహా. మైనస్ 18 డిగ్రీల నుంచి డాక్‌లోకి వస్తే స్కానర్ అద్దం మీద తేమ పేరుకుంటుంది, చదవదు. మనిషి చేత్తో నంబరు కొడతాడు, తప్పు అక్కడ పుడుతుంది. ఫ్రీజర్ రకం, అద్దానికి హీటర్ ఉన్న హ్యాండ్‌హెల్డ్ తీసుకోండి. చలిలో బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, షిఫ్టుకు అదనపు బ్యాటరీ ఉంచండి. లేబుల్ ఫ్రీజర్ జిగురుది కావాలి, మంచు పట్టకముందే అంటించాలి.

కావలి_ఇంటిగ్రేషన్:
మూడోదానికి నేను చెప్తా. 48 కార్టన్ల ప్యాలెట్ నుంచి 30 తీసి పంపితే, ఆ 30 కొత్త లోడు. దానికి కొత్త ఎస్‌ఎస్‌సీసీ, కొత్త లేబుల్. మిగిలిన 18 ర్యాక్‌లో పాత నంబరుతోనే ఉండొచ్చు, కానీ సిస్టమ్‌లో అందులోని సంఖ్య అదే ట్రాన్సాక్షన్‌లో 18కి దిగాలి. పాత లేబుల్ తీసి 30కి అంటించి పంపడమే ఎక్కువగా జరిగే పొరపాటు. అప్పుడు ఒకే నంబరు నెల్లూరు ర్యాక్‌లోనూ ఒంగోలు లారీలోనూ కనిపిస్తుంది. ఒకే ఎస్‌ఎస్‌సీసీ రెండు చోట్ల ఉంటే రెండో స్కాన్‌ను డబ్ల్యుఎంఎస్ ఒప్పుకోకుండా కట్టడి పెట్టించండి.

సేల్స్ తెరలో ప్రతి అంకె పక్కన 'చివరి స్కాన్ ఎన్ని నిమిషాల క్రితం' అని కూడా చూపించండి. 40 నిమిషాలుగా ఒంగోలు నుంచి ఏమీ రాకపోతే ఆ గడి రంగు మారాలి. అంకె తప్పు కాకపోవచ్చు, పాతదై ఉండొచ్చు. ఆ సంగతి తెలిస్తే సేల్స్‌వాళ్లు ఆర్డరు ఒప్పుకునే ముందు గోదాముకు ఫోను చేస్తారు.

రోజూ రాత్రి 2 గంటలకు డబ్ల్యుఎంఎస్ జాబితా, తెరకు వాడే డేటాబేస్ రెండింటినీ ఎస్‌ఎస్‌సీసీ వారీగా పోల్చే ప్రోగ్రాము నడపండి. తేడాలను అది సరిచేయకూడదు, జాబితా ఇవ్వాలి. చేరాల్సిన సమయం దాటి 4 గంటలైనా 'దారిలో' ఉన్న ప్యాలెట్లు జాబితాలో పైన ఉండాలి. మొదట ఈ ఒక్క నెల్లూరు-ఒంగోలు రూటులో 2 వారాలు పాత పద్ధతి పక్కనే నడిపించండి. ఆ రెండు వారాల్లో కావాలనే చెడగొట్టి చూడాలి: ఛాంబర్ వైఫై తీసేయండి, ఒకే వెబ్‌హుక్ రెండుసార్లు పంపండి, బండి మార్చండి, 2 కార్టన్లు తక్కువ దించండి, గేటు దాటిన లారీని వెనక్కి పిలవండి. చివరిదానికి విడిగా 'వాపసు' స్కాన్ కావాలి. చాలామంది అది రాయించడం మర్చిపోతారు, సరుకు గోదాములోనే ఉన్నా సిస్టమ్‌లో మాత్రం 'దారిలో' అనే ఉంటుంది.